చప్పట్ల వేగం ఎవరిది? పండుగ వీధి, సినిమా పాట, నడుమ మన కాలనీ

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం నల్లగొండలో మా కాలనీ మూలమీద రెండు వలయాలు కనబడతాయి. పెద్ద వలయం నడుమ పది పదిహేను బతుకమ్మలు, పక్కనే డీసీఎం బండి మీద మనిషెత్తు డీజే బాక్సులు. చిన్న వలయం ట్రాన్స్‌ఫార్మర్ అవతల ఉంటుంది. వయసు మళ్లిన ఏడెనిమిది మంది ఆడవాళ్లు ఒకే ఒక్క బతుకమ్మ చుట్టూ వంగి, చప్పట్లు కొడుతూ తిరుగుతుంటారు. ఒక ఏడాది ఆ చిన్న వలయంలోని పెద్దామె ఒకరు బండి దగ్గరికి వచ్చి, బాక్సులు నడిపే పిల్లవాడితో, "గట్ల ఉరికితె ఎట్ల బిడ్డా, మా పాటల సీతమ్మ ఇంక తల్లిగారింట్లనే ఉన్నది" అన్నది. ఆ పిల్లవాడు మర్యాదగానే, "జర ఆగు అవ్వా, గీ పాట అయినంక నీ పాటే పెడ్త, పేరు చెప్పు" అంటూ ఫోను తీశాడు. ఆమె కాసేపు ఆలోచించి, "పాటకు పేరేముంటది బిడ్డా" అని వెనక్కి వెళ్లిపోయింది.

మన పట్టణాల్లో పండుగకూ సినిమాకూ మధ్య ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి ఈ చిన్న సంభాషణ చాలావరకు సరిపోతుంది. సినిమా వచ్చి పండుగను మింగేసిందని ఒక వర్గం ప్రతి దసరాకూ వాపోతుంది, కాలానికి తగ్గట్టు పండుగ మారుతుందని ఇంకో వర్గం సర్దిచెబుతుంది. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉన్నా, సినిమా పండుగలోకి ఏ దారిన వచ్చింది, ఏ చోట ఆగిపోయింది అన్న అసలు ప్రశ్నకు రెండూ జవాబు చెప్పవు. ఆ దారులు కనీసం మూడు ఉన్నాయని నా అభిప్రాయం: ఒకటి క్యాలెండరు, ఒకటి చప్పుడు, ఒకటి పాట. మొదటిది డబ్బుకు సంబంధించినది కనుక త్వరగా తేలుతుంది. చివరిది అంత తేలికగా తేలదు.

క్యాలెండరు సంగతి ముందు చూద్దాం. తెలుగు సినిమా వ్యాపారంలో తెలంగాణ మొత్తానికి ఇప్పటికీ 'నైజాం' అనే పేరు. నిజాం పాలన 1948లో పోయింది, 1956లో ఒక రాష్ట్రం, 2014లో మరో రాష్ట్రం వచ్చాయి, పంపిణీదారుల పద్దు పుస్తకంలో మాత్రం ఆ పేరు చెక్కుచెదరలేదు. ఆ పద్దు లెక్కన తెలుగు సినిమాకు అన్నిటికన్నా పెద్ద మార్కెట్టు ఇదే. అయినా ఆ వ్యాపారం తనకు పెద్ద పండుగగా ఎంచుకున్నది సంక్రాంతిని, అంటే కోస్తా జిల్లాల పెద్ద పండుగను. ప్రతి జనవరిలో నలుగురు హీరోల సినిమాలు ఒకే వారంలో దిగి, హాళ్ల కోసం కొట్లాడుకుని, ఆ కొట్లాట వార్తలే టీవీల నిండా నిండడంతో, నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల పిల్లలకు సైతం సంక్రాంతే తెలుగువాళ్ల అతి పెద్ద పండుగ అన్న భావన ఏర్పడింది. మా ఇళ్లలో కొత్త బట్టలు కుట్టించేది, ఆడపిల్లను పుట్టింటికి తీసుకొచ్చేది, మేకపోతు కోసేది, జమ్మి పెట్టి పెద్దల కాళ్లు మొక్కేది దసరాకు. బళ్లకు ఎక్కువ రోజుల సెలవులు వచ్చేదీ దసరాకే.

దక్షిణ తెలంగాణ అంతా ఒకే తీరుగా లేదని కూడా గుర్తుంచుకోవాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాది రాయి పడి, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు భూములు మాగాణులయ్యాయి; కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబాలతో పాటు వాళ్ల సంక్రాంతి కూడా వచ్చింది. మిర్యాలగూడలో సంక్రాంతి సినిమాకు ఇంటిల్లిపాదీ కదలడం అందుకే వింతగా ఉండదు. పాలమూరు మెట్ట సంగతి వేరు. కూలీలను జట్టుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట మట్టిపనికి ముంబై, పుణె, హైదరాబాద్ వెళ్లిన కుటుంబాలు ఏడాదిలో ఊరి ముఖం చూసే కొద్ది రోజులూ దసరా, కురుమూర్తి జాతర, ఉగాది లాంటివే. చేతిలో నాలుగు డబ్బులు, ఊళ్లో అయినవాళ్లు, నాలుగు రోజుల తీరిక అన్నీ కలిసి వచ్చే ఆ వేళ మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి హాళ్లలో ఏ సినిమా ఉంటే దానికి జనం ఉంటారు. దసరా నాడు మాంసం భోజనం ముగించుకుని మ్యాట్నీకి పోవడం మా తరానికి పండుగ తంతులో భాగమే. దసరా గాంధీ జయంతి నాడే వచ్చిన 2025లో మాంసం, మద్యం దుకాణాలు మూసి ఉన్నా, ముందురోజే ఏర్పాట్లు చేసుకున్న ఇళ్లలో ఆ క్రమం పెద్దగా చెడలేదు.

హాలు యజమానికి ఈ రోజులు ఎందుకంత ముఖ్యమో ఒక మాట చెప్పుకోవాలి. మామూలు వారాల్లో చిన్న పట్టణపు సింగిల్ స్క్రీన్ థియేటరుకు కరెంటు బిల్లు వెళ్లడం కూడా కష్టమవుతోంది. 2024 మే నెలలో తెలంగాణలో ఇలాంటి హాళ్లు ప్రేక్షకులు లేక కొన్నాళ్లు ఆటలు ఆపుకున్నాయి. 2025 మేలో ప్రదర్శనదారులు అద్దె పద్ధతి వద్దని, వసూళ్లలో శాతం కావాలని పట్టుబట్టి, జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామనే దాకా వెళ్లి, చర్చల తర్వాత ఆగారు. స్థిరమైన అద్దె మాత్రమే తీసుకునే హాలుకు పండుగ రద్దీలో వచ్చే అదనపు లాభం దక్కదు. శాతం తీసుకునే హాలుకు దక్కుతుంది. చిన్న హాలు బతకాలంటే పండుగ వారంలో వాటా కావాలన్నదే ఆ గొడవ సారాంశం. అంటే ఇక్కడ సినిమా పండుగను మింగడం అటుంచి, సినిమా హాలే పండుగ మీద ఆధారపడి బతుకుతోంది.

సినిమా పండుగ నుంచి తీసుకున్నది జనాన్ని ఒక్కటే కాదు, తంతును కూడా. షూటింగ్ కొబ్బరికాయతో మొదలై గుమ్మడికాయతో ముగుస్తుంది. ఆ పరిశ్రమలో పని మొదలైందా, అయిపోయిందా అని అడగడానికి ఈ రెండు కాయల పేర్లే చాలు. విడుదల రోజు కటౌటుకు పూలదండ, పాలాభిషేకం, హారతి, డప్పులు, టపాకులు, గుమ్మడికాయ దిష్టి తప్పవు. గుడి ముందు ఏవి జరుగుతాయో హాలు ముందు అవే జరుగుతాయి. ఒక తేడా మాత్రం ఉంది. జాతరలో ఎవరు ముందు నడవాలి, ఎవరు ఎటు తొలగాలి అన్న కట్టుబాటు తరాలుగా ఏర్పడి ఉంటుంది. హాలు గేటు దగ్గర అలాంటిదేమీ లేదు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ప్రీమియర్ దగ్గర తొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణం పోయాక ఈ తేడా అందరికీ తెలిసొచ్చింది.

ఇక చప్పుడు. మా వీధిలో నిమజ్జనం ఊరేగింపు వచ్చినప్పుడు ఏ కులం పిల్లలైనా, ఏ మతం పిల్లలైనా కాలు కదిపేది తీన్మార్ దెబ్బకే. అది మన పల్లె డప్పుదే అనుకునేవాళ్లు ఉన్నారు, సినిమాల నుంచి వచ్చిందనుకునేవాళ్లూ ఉన్నారు. దాని మూలం ఈ రెంటికన్నా విచిత్రమైనది. నిజాం కొలువులో పనిచేసిన ఆఫ్రికా మూలాల సిద్దీలు, యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు చావూష్‌లు తమతో తెచ్చుకున్న మర్ఫా వాద్యం హైదరాబాద్ పెళ్లి బరాత్‌లలోకి దిగి, తీన్మార్ పేరుతో గణేశ్ ఊరేగింపుల్లోకీ బోనాల్లోకీ పాకింది. ఏసీ గార్డ్స్ అన్న పేటకు ఆ పేరే నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం వల్ల వచ్చింది. మన డప్పు ఆ లయను తనదిగా చేసుకుంది, సినిమా సంగీత దర్శకులు దాన్ని స్టూడియోలోకి తీసుకెళ్లారు, స్టూడియోలో నున్నబడిన అదే లయ డీజే బాక్సుల్లోంచి తిరిగి మన వీధికి వస్తోంది. కాబట్టి ఊరేగింపులో మోగే సినిమా పాటను పరాయిదని తరిమేయాలంటే దాని కింద మోగే దెబ్బ ఎవరిదో ముందు తేల్చుకోవాలి, అది తేలే పని కాదు.

ఈ ప్రయాణంలో నష్టపోయింది లయ కాదు, దాన్ని వాయించిన చేతులు. ఒకప్పుడు మైకు సెట్టువాడు గ్రామఫోను రికార్డు పెట్టినా, హారను గొంతు కీచుగా ఉండేది గనుక, ఊరేగింపు నడవడానికి డప్పుల జట్టు తప్పనిసరి. బేస్ బాక్సులు వచ్చాక ఆ పని కూడా యంత్రమే చేస్తోంది. నలుగురైదుగురు డప్పు కళాకారులకు, బ్యాండ్ మేళానికి పోయే చందా డబ్బు ఇప్పుడు బండికీ జనరేటరుకూ పోతోంది. చట్టం ఈ విషయంలో మాట్లాడేది డెసిబెళ్ల భాషలోనే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్ 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఈ నియమాలు అవసరమే, ముఖ్యంగా బాక్సుల ముందు పసిపిల్లను భుజాన వేసుకుని నిలబడే తండ్రులను చూసినప్పుడు. అయితే చప్పుడు తగ్గించినంత మాత్రాన డప్పు తిరిగి రాదు. సైలెంటుగా మోగినా యంత్రం యంత్రమే.

వినాయక మంటపం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఆ ఏడాది ఏ సినిమా బాగా ఆడిందో విగ్రహం నిలబడిన తీరు చూసి చెప్పవచ్చు. విల్లు ఎక్కుపెట్టిన వినాయకుణ్నీ, గడ్డం కింద చేయి తిప్పే వినాయకుణ్నీ మనమంతా చూశాం. భక్తి తగ్గిందని దీన్నిబట్టి తేల్చేయడం తొందరపాటు. ఆ మంటపంలోనే తొమ్మిది రోజులూ తెల్లవారుజామునే లేచి దీపం ఆరకుండా చూసేదీ ఆ కుర్రాళ్లే.

ఇప్పుడు పాట దగ్గరికి వద్దాం. దక్షిణ తెలంగాణ సినిమాకు ఇచ్చినదాంట్లో నటుల కన్నా పాట ఎక్కువ. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి నటుడు కత్తి కాంతారావు వెళ్లినట్టే, మోత్కూరు వైపు సుద్దాల ఊరి నుంచి సాయుధ పోరాట కాలపు పాట సుద్దాల హనుమంతుతో మొదలై ఆయన కొడుకు అశోక్ తేజ చేతుల మీదుగా సినిమాకు చేరింది. తెలకపల్లి దగ్గరి గౌరారం గోరటి వెంకన్న పాట 'పల్లె కన్నీరు పెడుతుందో' 2002లో 'కుబుసం' సినిమాలోకి వెళ్లింది. చేతివృత్తులు పోయిన పల్లె గురించి ఏడ్చే ఆ పాటను ఊరూరికీ మోసుకెళ్లింది క్యాసెట్టూ సినిమానే. లింగాల మండలం నుంచి వచ్చిన కిన్నెర మొగులయ్య 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో కొద్దిసేపు వినిపించాడు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న, మియాసాబు లాంటి జానపద వీరుల కథలు దశాబ్దాలుగా పాడుతున్నా ఆయన ఎవరో చాలామందికి అప్పుడే తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇక్కడ సినిమా చేసిన మేలును కాదనలేం. కానీ ఆయన కథ గంటలకొద్దీ సాగే కథ, సినిమా వాడుకున్నది దాని గుమ్మం మాత్రమే.

అడ్డంకి వచ్చేది పేరు దగ్గర. 2021 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్‌లో సినీ నటుడు విజయ్ దేవరకొండ భాగస్వామిగా మల్టీప్లెక్స్ తెరుచుకున్నప్పుడు అందులో ఆడిన తొలి సినిమా 'లవ్ స్టోరీ'. ఆ సినిమాలోని 'సారంగ దరియా' పాట విడుదలైనప్పుడే, ఆ జానపదాన్ని అంతకుముందు టీవీ పోటీలో పాడిన ఒక గాయని తన ప్రస్తావన లేదని అడగడంతో పెద్ద చర్చ నడిచింది. పల్లవి జనానిది, చరణాలు తనవి అని రచయిత అశోక్ తేజ వివరించారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది, ఎందుకంటే చట్టంలో ఇలాంటి పాటకు సరైన గది లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అది రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఇస్తుంది. రికార్డింగుకు 60 ఏళ్లు ఇస్తుంది. రచయిత ఎవరో తెలియని, ఊరూరా మారే పాటకు ఊరి తరఫున హక్కుదారును చూపదు. ఆ పాటను మొదట స్టూడియోలో రికార్డు చేసినవాళ్లకు ఆ రికార్డు మీద హక్కు పుడుతుంది. ఇంకో ఊరి పిల్ల అదే పాటను తన గొంతుతో పాడి యూట్యూబ్‌లో పెడితే, పోలిక పట్టే యంత్రం ఆ వీడియోనే దొంగ పాటగా అనుమానించే అవకాశం ఉంది. మతపరమైన వేడుకలో పాటను వినిపించడం ఉల్లంఘన కాదని అదే చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, పెళ్లి ఊరేగింపును కూడా అందులో చేర్చింది. కాబట్టి వీధిలో మోగించడానికి భయం లేదు, ఫోనులో పెట్టడానికే భయం. పేరు లేని అవ్వ పాట నష్టపోయేది ఇక్కడే.

పండుగ పాటకు సినిమా అవసరం కూడా ఇప్పుడు అంతగా లేదు. 2021లో ఏ.ఆర్. రెహమాన్ సంగీతం, గౌతమ్ మేనన్ దర్శకత్వంతో వచ్చిన బతుకమ్మ పాట ఏ సినిమాకూ చెందినది కాదు. ఏటా భాద్రపదం మొదలవగానే పదుల కొద్దీ బతుకమ్మ వీడియోలు యూట్యూబ్‌లో దిగుతాయి. డ్రోన్ దృశ్యాలు, చెరువు గట్టు, ఒకే రంగు చీరల్లో ముప్పై మంది, నడుమ గాయని. ఇది సినిమా చిత్రీకరణ పద్ధతిని పండుగే నేర్చుకోవడం. వాటిలో కొన్ని పాటలు నిజంగానే బాగుంటాయి, మా ఇంట్లో ముగ్గులేసేటప్పుడు మోగేవి అవే.

మరి సినిమా ఎక్కడ ఆగిపోయింది? సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి మాఘంలో జరుగుతుంది. దారి పొడవునా ట్రాక్టర్ల మీద సినిమా పాటలు మోగుతూనే ఉంటాయి, కానీ కేసారం నుంచి దేవుళ్ల విగ్రహాలుండే దేవరపెట్టె కదిలే వేళ పని భేరీలది, గజ్జెల లాగులది, 'ఓ లింగా' అనే కేకది. కురుమూర్తి ఉద్దాల ఉత్సవంలో స్వామి పాదుకలను వడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాలు నియమంతో తయారుచేస్తాయి, అవి తరలివచ్చేటప్పుడు అందరి కళ్లూ ఆ పాదుకల మీదే. పీర్ల పండుగలో అలావ (నిప్పుల గుండం) చుట్టూ ఆడేటప్పుడు, నేను చూసిన ఊళ్లలో, డప్పు తప్ప మరేదీ వినలేదు. ఈ మూడింటిలోనూ పని ఎవరిదో ముందే నిర్ణయమై ఉంది, ఆ పనికి మనిషి ఉన్నాడు. ఆ నిర్ణయాల వెనక కులం బరువు ఎంత ఉందో మరిచిపోయి వాటిని పొగడలేం. డప్పు వదిలేయడమే గౌరవమనుకున్న కుటుంబాలకు తమ కారణాలు ఉన్నాయి. అయినా మనిషికి పని ఉన్న చోట స్పీకరుకు చోటు దొరకలేదన్న మాట నిజం.

కాలనీలో ఆ చోటు ఖాళీగా ఉంది. మా వీధిలో దేవరకొండ నుంచి వచ్చినవాళ్లు, మునుగోడు వాళ్లు, అచ్చంపేట వైపు వాళ్లు, ఉద్యోగరీత్యా వరంగల్ నుంచి దిగినవాళ్లు పక్కపక్క ఇళ్లలో ఉంటారు. బతుకమ్మ పాట ఒకరు చెబితే మిగతావాళ్లు 'ఉయ్యాలో' అని అందుకునే పాట. ఆ వంత వినసొంపు కోసం మాత్రమే పుట్టింది కాదు, చెప్పే ఆమె తర్వాతి చరణం గుర్తు తెచ్చుకోవడానికి దొరికే వ్యవధి కూడా అదే. చప్పట్ల వేగం ఆమె ఊపిరిని బట్టి ఉంటుంది. ఊరిలో ఆ చెప్పే ఆమె ఎవరో అందరికీ తెలుసు. కాలనీలో ఎవరి ఊరి వరస వారిది, ఒకరి చరణం ఇంకొకరికి రాదు, పైగా పక్కింటామె ముందు గొంతెత్తడానికి సిగ్గు. అందరికీ ఒకేలా తెలిసిన పాట ఏదని వెతికితే మిగిలేది ఫోనులో విన్నదే, సినిమాలో చూసిందే. అందుకే డీజే బాక్సును నేను దండెత్తి వచ్చిన శత్రువుగా చూడలేకపోతున్నాను. వేర్వేరు ఊళ్ల వాళ్లు ఒక చోట చేరి, ఒకరి పాట ఒకరు నేర్చుకునే తీరిక లేక, అందరికీ మధ్యలో నిలబెట్టుకున్న మధ్యవర్తి అది. ఆ మధ్యవర్తికి ఊపిరి తీసుకునే అవసరం లేకపోవడమే చిక్కు.

ఆ రాత్రి బతుకమ్మలను పానగల్లు వైపు తీసుకెళ్లినప్పుడు డీసీఎం బండి చెరువు కట్ట మీదికి ఎక్కలేక రోడ్డు మీదే ఆగిపోయింది. బతుకమ్మలు పేర్చిన శిబ్బులు (పళ్లేలు) నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు నీళ్ల దాకా నడిచి, దింపి, ఆఖరిసారి వలయం కట్టారు. కొత్తగా పెళ్లయిన ఒక అమ్మాయి ఫోను వెలుతురులో పాట చదవబోతే, సాయంత్రం పాటకు పేరు చెప్పలేకపోయిన ఆ పెద్దామె తన వరసలో ఎత్తుకుంది. మూడో చరణంలో అచ్చంపేట ఆమె, "మా దిక్కు గట్లనరు" అంటూ వేరే మాట అందించింది. ఇద్దరూ తమ తమ చరణాలు వదలకుండా కలిపి చెప్పడంతో ఏ ముక్క ఎవరిదో వెనకవాళ్లకు వినబడలేదు; వంత ఒకటే కాబట్టి అందరూ 'ఉయ్యాలో' అంటూ తిరిగారు, తర్వాత మలీద ముద్దలు పంచుకున్నారు.